గంజి పెట్టిన చొక్కా

చెలెస్తా ముసల్దానికి చావడానికి ఆ రోజే దొరికింది. ఏప్రిల్ ముప్పైన, పొద్దు వాలే వేళకి, వారం రోజులుగా లాగుతున్న ఊపిరి ఆపేసింది. అంటే శవం లేవాల్సింది మే ఒకటిన.

ఆ వరి మైదానంలో మే ఒకటి అంటే కూలోళ్ళ పండగ. ఆ రోజు ఎవడూ పార ముట్టేవాడు కాదు. గడ్డం గీసుకుని, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, బొత్తం కంతలో ఎర్రపువ్వు గుచ్చుకుని కాలవగట్టు మీద పాడుకుంటూ నడిచేవాళ్ళు. తర్వాత నల్లచొక్కాలు, అంటే ఫాసిస్టు పార్టీ గూండాలు, వచ్చారు. ఆకాశం నుంచేం ఊడిపడలేదు. భూస్వాములు, మిల్లు యజమానులు లారీలిచ్చి, తాగుడికిచ్చి తెచ్చుకున్నారు. కూలి సంఘం ఇల్లు తగలబెట్టారు. సంఘం కార్యదర్శిని కుర్చీకి కట్టేసి సీసాడు ఆముదం గొంతులో పోశారు. పోలీసులు గుమ్మంలో నిలబడి చుట్టలు కాల్చుకున్నారు. రోములో గద్దె ఎక్కాక పండగే రద్దు చేసేశారు. ఇప్పుడు మే ఒకటిన ఉతికిన చొక్కా వేసుకుంటే నేరం. నవ్వొస్తోందా? నవ్వండి. నిరుడు ఆ రోజున గడ్డం గీసుకున్నందుకు ఊరి వడ్రంగి మూడు వారాలు పోలీసు కొట్లో ఉండి వచ్చాడు.

చెలెస్తా కొడుకు అన్సెల్మో పేరు అప్పటికే పోలీసుల హెచ్చరిక జాబితాలో ఉంది. చీకటి పడితే గడప దాటకూడదు. నలుగురితో కలిసి నిలబడకూడదు. ఇంకొక్క తప్పు దొరికితే ఐదేళ్ళు దీవికి పంపేస్తారు. నడిసముద్రంలో రాళ్ళదిబ్బ.

ముసల్ది అదంతా తెలిసే మాట తీసుకుంది. "ఫాదరీ వద్దురా, గంట వద్దు. నువ్వు మాత్రం తెల్లచొక్కా వేసుకుని నన్ను దించు. నలభై ఏళ్ళు మోకాల్లోతు నీళ్ళలో వంగి కలుపు తీశాను. బురద గుడ్డల వాడి చేత మట్టి వేయించుకోను."

అన్సెల్మో సరే అన్నాడు. చచ్చేవాళ్ళతో కాదంటామా?

కబురు తెలిసి మొదట వచ్చినవాడు ఫ్లామినియో. మిల్లు యజమాని కొడుకు, ఊళ్ళో నల్లచొక్కాల నాయకుడు. వాణ్ణి కన్న తల్లికి పాలు పడలేదు. చెలెస్తా తన కొడుకునీ వాణ్ణీ చెరోవైపూ పెట్టుకుని ఇద్దరికీ రొమ్మిచ్చింది. ఒకే పాలు తాగినవాళ్ళు అన్నదమ్ములని ఆ నేలమీద లెక్క. వాడు టోపీ తీసి, మోకాళ్ళ మీద కూలబడి, ముసల్దాని నుదురు ముద్దుపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజం ఏడుపే. అదే అసహ్యం.

కళ్ళు తుడుచుకుని లేచాడు.

"రేపు వద్దురా. ఎల్లుండి పెట్టుకో."

"ఈ ఉక్కలో ఎల్లుండి దాకా ఆగుతుందా?"

"అయితే వినుకో. మోసేవాళ్ళు నలుగురే. పువ్వు లేదు, పాట లేదు. దింపేసి ఆ నలుగురూ పనికి పోవాలి. నువ్వు పని బట్టల్లో రా. తెల్లచొక్కా కనబడిందో, నా చేతుల్లో ఏమీ ఉండదు."

"నీ చేతుల్లో ఏముందిరా అసలు? లాఠీ తప్ప?"

"గుమ్మం అవతల నన్ను 'మీరు' అనాలి," అన్నాడు ఫ్లామినియో, టోపీ పెట్టుకుంటూ. "మర్చిపోకు."

వాడు పోయాక అన్సెల్మో పెట్టె తెరిచి చొక్కా బయటికి తీశాడు. ఉన్నది ఆ ఒక్కటే.

"ఏం, పిచ్చెక్కిందా?" అంది పెళ్ళాం ఆర్జియా. "ఐదేళ్ళయ్యా! నేనూ పిల్లా ఏం తినాలి, మీ అమ్మకిచ్చిన మాటా?"

"లోపల వేసుకుంటా. పైన పాత కోటు, మెడదాకా బొత్తాలు. అమ్మకి తెలుస్తుంది, వాళ్ళకి తెలీదు."

"మీ అమ్మకి ఇంకేం తెలుస్తుంది!" అని కసిరి, చొక్కా లాక్కుని ఉతకడానికి పోయింది.

అక్కడే తప్పు జరిగింది. ఆ ఊరి ఆడదానికి తప్ప ఎవరికీ రాని తప్పు. ఏడుస్తూ ఉతికింది, ఏడుస్తూ జాడించింది, ఏడుస్తూనే అన్నం వార్చిన గంజిలో ముంచింది. బుర్ర ఎక్కడో ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. శవం దగ్గరికి పోయే చొక్కాకి ఆమె ఏనాడు గంజి పెట్టకుండా ఉంది గనక?

తెల్లారి అన్సెల్మో తొడుక్కుంటే కాలరు అట్టలా లేచి నిలబడింది. వంచితే మళ్ళీ లేస్తోంది. కోటు మెడ పైన తెల్లటి అంచు, వేలెడు.

"అయ్యో, నా చేతులు పడిపోను!" అని ఆర్జియా నెత్తి కొట్టుకుంది. తడిపితే ఆరేదాకా ఆగే టైము లేదు, నలుగురూ వాకిట్లో ఉన్నారు. పొలం రుమాలు, చెమట మరకలది, మెడకి చుట్టింది. "కదలకు. తల తిప్పకు. ఎవడు పిలిచినా పలక్కు."

చర్చి గంట మోగలేదు. గంట లేని శవానికి కాటికాపరి గొయ్యి తవ్వనన్నాడు. శ్మశానం గోడ వారన, ఫాదరీ దీవించని మూలన, మోసినవాళ్ళు శవపెట్టె నేలమీద దింపి, టోపీలు తీసి, పనికి పోయారు. మిగిలింది అన్సెల్మో, ఆర్జియా, నల్లచొక్కాలో ఫ్లామినియో. పార ఒకటి.

అన్సెల్మో తవ్వాడు. వరిమళ్ళన్నీ నీళ్ళతో నిండి ఆవిరి కక్కుతున్నాయి. మోకాల్లోతు వచ్చేసరికి కోటు ఒంటికి అంటుకుంది. నడుంలోతుకి కళ్ళు బైర్లు కమ్మాయి. గంజి చెమటకి కరిగి జిగటలా మెడని పట్టుకుంది. చెయ్యి లేపి తుడుచుకోవడానికి లేదు. బొత్తం విప్పడానికి లేదు. సొంత తల్లికి గొయ్యి తవ్వుతూ దొంగలా ఊపిరి దాచుకుంటున్నాడు మనిషి. ఇదేరా వాళ్ళ రాజ్యం అంటే. ఏ కొట్లోనూ పెట్టక్కర్లేదు, నీ కోటే నీకు కొట్టు.

"కోటు తియ్యరా, చస్తావు," అన్నాడు ఫ్లామినియో గొయ్యి గట్టు మీంచి.

"చలిగా ఉందండీ."

"చలా!"

పార ఎత్తినప్పుడు రుమాలు జారింది. కాలరు పైకి లేచింది.

ఫ్లామినియో చూశాడు. ఆర్జియా వాడు చూడటం చూసింది. కాలవలో కప్పలు అరుస్తున్నాయి. వాడు వంగి, రుమాలు తనే అందుకుని, తనే అన్సెల్మో మెడకి కట్టాడు. మెల్లగా, తల్లి కట్టినట్టు.

"నేనేం చూడలేదు. మనమిద్దరం ఆవిడ పాలు తాగినవాళ్ళం."

అన్సెల్మో పార ఆపాడు.

"శనివారం ఆఫీసుకి వచ్చి పార్టీ కార్డు తీసుకో," అన్నాడు ఫ్లామినియో అదే గొంతుతో. "చావిట్లో, అందరి ముందూ. నువ్వు తీసుకుంటే జాబితాలో మిగిలిన పదిమందీ తీసుకుంటారు. మిల్లులో పనిస్తా. పిల్లకి బూట్లు వస్తాయి. రాకపోతే, చొక్కా సంగతి నాకు శనివారం గుర్తొస్తుంది."

ఆర్జియా ఊపిరి వదిలింది. అది ఊరటో ఏడుపో ఆమెకే తెలీదు.

ముగ్గురూ పట్టి పెట్టె గోతిలోకి దించారు. ఫ్లామినియో గుప్పెడు మట్టి వేసి "అమ్మా" అన్నాడు. అన్సెల్మో పార నిండా మట్టి ఎత్తి, వెయ్యకుండా నిలబడ్డాడు. బురద గుడ్డల వాడి చేత మట్టి వేయించుకోనంది. ఇప్పుడు తన ఒంటిమీద పైకి ఉన్నది ఏమిటి? శనివారం నుంచి ఏముంటుంది? కోటు మీద ఆ పార్టీ బిళ్ళ. ఆ తర్వాత పదిమంది. ఆ పదిమంది వెనక ఊరు.

పార కింద పెట్టాడు. రుమాలు లాగేశాడు. ఒక్కో బొత్తం విప్పాడు. కోటు తీసి మట్టికుప్ప మీద విసిరాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. కాలరు మాత్రం ఇంకా సగం నిలబడే ఉంది.

"ఒరేయ్, ఏం చేస్తున్నావురా! వేసుకో!" ఫ్లామినియో గోడవైపు చూశాడు. పొట్టి గోడ అవతల కాలవగట్టు మీద కూలోళ్ళున్నారు, చూస్తున్నారు. ఇంక చూడలేదనడానికి వీల్లేదు.

"శనివారం దాకా ఎందుకులే," అన్నాడు అన్సెల్మో. "మట్టి వేసేదాకా ఆగు, చాలు."

తొందరపడకుండా పూడ్చాడు. ఫ్లామినియో ఈల తీసి, చేతిలో తిప్పి తిప్పి, చివరికి ఊదాడు. ఇద్దరు పోలీసులు సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చారు.

ఆర్జియా తిట్టలేదు. కోటు దులిపి, బేడీలు వేసిన చేతుల మీద మడిచి పెట్టింది.

"తీసుకుపో," అంది. "దీవిలో గాలి ఎక్కువంట."

రుమాలు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.