రుచి చూడని పేజీ

దేవుడికి పెట్టే వంటను రుచి చూడకూడదంటారు. మరి ఉప్పెక్కువైతే ఆయన ఎవరితో చెప్పుకుంటాడు? పెళ్ళయి, చూలై పేటలోని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పుట్టిన సందేహం ఇది. అడిగితే మా అత్త మునెమ్మ, "ఆయనకి నీ మనసు తెలుస్తాది, ఉప్పు సంగతి నీకెందుకుమే. గమ్మున కలుపు," అంది. గమ్మున కలిపాను. ఇన్నేళ్ళూ అలాగే కలుపుతున్నాను.

మధ్యాహ్నం గిన్నెలు తోమాక కాఫీ వేళ దాకా నాకు కాస్త సమయం దొరుకుతుంది. అప్పుడు, ఉచితంగా దొరికే ఒక రాత సాఫ్ట్‌వేర్‌కు తెలుగు సహాయ పేజీలు దిద్దుతాను. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి ఊరికే చేసే పని. మా కొట్టు ఉత్తరాలన్నీ అందులోనే టైపు చేసేదాన్ని కాబట్టి చేరాను. పదో తరగతి చదివిన నా వాక్యం ముఖం తెలియని మనిషికి దారి చూపిస్తుందంటే పూజ చేసినంత తృప్తి. మా ఆయన వెంకట్రామ్‌కి నచ్చదు. "జీతం లేని పని ఎవురన్నా చేస్తారా? ఆ టైంలో కొట్లో కూసోని బిల్లులు చూడరాదా," అంటారు. కొట్లో కూర్చుంటే జీతమిస్తారా అని నేను అడగలేదు. ఈ ఇంట్లో నేను చేసే ఏ పనికి జీతముందని పోపు వేస్తూ ఆలోచించాను, అంతే.

పోయిన వారం అక్షరాల సైజు పెంచడం గురించిన పేజీ దిద్దాను. "ముందుగా, పెంచాల్సిన భాగాన్ని ఎంచుకోండి" అన్న వాక్యం అడ్డంగా అనిపించి తీసేశాను. పేజీ నున్నగా వచ్చింది. తిరువొత్తియూరు నుంచి శ్రీప్రియ అనే ఆవిడ రాసింది: మీరు చెప్పినట్టే చేశాను, ఒక్క అక్షరమూ పెరగలేదు. ఈ పేజీల పనంతా చూసుకునే శరణ్య ఫోన్ చేసింది.

"అక్కా, మీరు చేసి చూసినారా?"

"లేదమ్మా."

"ఏం?"

ఇంకొకరి ముందు పెట్టేదాన్ని ముందు నేను ముట్టకూడదని నా చేతులకు అలవాటైపోయిందని చెప్పాను. అవతల నవ్వింది.

"దేవుడు సర్దుకుంటాడక్కా. చదివేవాళ్ళు సర్దుకోలేరు. దీన్ని మాత్రం మీరే ముందు తినండి."

మా ఆయన విన్నారు. "చెప్పినా గదా, నీకెందుకు ఈ తొందరవు, లేనిపోని తలనొప్పి. రేపట్నించి మద్యానం కొట్టుకు రా, సరియా?"

నేను రాత్రి వంటకు బియ్యం కడగడానికి లేచాను.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ ముందే కూర్చున్నాను. చేసి చూడాలంటే ఏదో ఒక రాత కావాలి. అత్త గుర్తొచ్చింది. పుట్టింటి మంగళహారతి మరిచిపోతున్నాను, పెద్ద అక్షరాల్లో రాసియ్యి అని ఎన్నేళ్ళుగా అడుగుతోందో. కొట్టు ఉత్తరాలయ్యాక, పండగలయ్యాక అంటూ నేను బాకీ పెడుతూనే వచ్చాను. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె పాడింది, నేను టైపు చేశాను. ఒక చరణం దగ్గర ఆగి, "ఇది పూడిసిందే, గుర్తుకి రాలా," అని కళ్ళు మూసుకుంది. నేనూ ఆగాను. కాసేపటికి ఆ మాటలు గుర్తొచ్చాయి. ఆ పాట మీదే పేజీలోని ఒక్కొక్క మెట్టూ చేసి, అక్షరాలు పెరిగాక తీసేసిన వాక్యాన్ని తిరిగి దాని చోట పెట్టి, శ్రీప్రియకు రాశాను.

హాల్లోంచి మా ఆయన గొంతు వినబడింది. "కొట్టుకీ రాలా. కాఫీ అయినా ఉండాదా?"

లేవబోయాను. అత్త నా మోచేయి పట్టుకుంది.

"నువ్వే కలుపుకోరా, పాలు ఆడనే ఉండాయి," అంది కొడుకుతో. "అది పనిలో ఉండాది."

వంటింట్లో గిన్నె చప్పుడైంది. నేను కూర్చునే ఉన్నాను. ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది. అత్త దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, కళ్ళద్దాలు లేకుండానే, మొదటి మాట నుంచి పాడడం మొదలుపెట్టింది.