పద్నాలుగులోపు

కూతురు చేరిన కాలేజీ పేరు చెప్పుకోవడం దైవాశీర్వాదానికి మొదటి ఏడాదంతా చిన్నతనంగానే ఉండేది. డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో, వాళ్ళ తెలుగు చర్చిలో ఎవరి పిల్లల్ని చూసినా, పేరు వినగానే ఎదుటివాళ్ళు "ఓహో" అనే యూనివర్సిటీల్లోనే ఉన్నారు. పర్సిస్ మాత్రం మొక్కజొన్న చేల మధ్య, పదమూడు వందలమంది చదివే ఓ కాలేజీని ఏరికోరి పట్టుకుంది. "అదెక్కడుంది బ్రదర్?" అని అడిగినవాళ్ళకి దారి చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పెట్టింది.

ఆ బాధ తీర్చింది కాన్ఫరెన్స్. అలాంటి చిన్న కాలేజీలే తొమ్మిది, మూడు గంటల డ్రైవ్‌లోపు ఉన్నవి, ఓ కూటమి కట్టి తమలో తాము ఆటల పోటీలు పెట్టుకుంటాయి. దాని పేరే కాన్ఫరెన్స్. తొమ్మిది కాలేజీల పిల్లల్నీ తెచ్చి కూర్చోబెట్టినా పెద్ద యూనివర్సిటీ స్టేడియంలో ఓ మూల నిండదు. అయితేనేం, అక్కడ పందేలున్నాయి, పందేలకి ర్యాంకులున్నాయి. గుంటూరులో ఇంటర్ చదివే రోజుల నుంచీ ర్యాంకు అన్న మాట చెవినపడితే ఆయనకి నిద్రపట్టదు.

పర్సిస్‌ది క్రాస్ కంట్రీ. గడ్డి మైదానాల్లో గుట్టలెక్కి దిగుతూ ఆరు కిలోమీటర్లు పరిగెత్తాలి. నాలుగేళ్ళు తిరిగేసరికి తొమ్మిది కాలేజీల అమ్మాయిల టైమింగులూ దైవాశీర్వాదం ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. ఎవరికి మోకాలు నొప్పి, ఎవరు ముందు ఎగిరిపడి చివర్లో చతికిలబడతారు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. భార్య విమలకుమారి తరఫు చుట్టాల పిల్లల పేర్లు మాత్రం ఇప్పటికీ తడుముకుంటాడు. ఆయన స్వయంగా ఆఖరిసారి పరిగెత్తింది డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో, అదీ ఫ్లైట్ వెళ్ళిపోయాక. ఇదంతా కాస్త నవ్వులాటగా ఉందని ఆయనకీ తెలుసు. తెలిసినంత మాత్రాన మానుకునే రకం కాదు.

ఇది పర్సిస్‌కి ఆఖరి ఏడాది. కాన్ఫరెన్స్ ఫైనల్లో మొదటి పద్నాలుగుమందిలో వస్తే ఆల్ కాన్ఫరెన్స్ అంటారు. మెడల్ ఇస్తారు, కాలేజీ గోడ మీద పేరు చెక్కుతారు. గత మూడేళ్ళలో ఆమె ఇరవై ఒకటి, పంతొమ్మిది, పదిహేడు. గీత గీసి చూసుకుంటే ఈసారి పద్నాలుగులోపు రావాల్సిందే. ఆ ధైర్యంతో ఆయన చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: "ప్రార్థన అవసరత. మా అమ్మాయి పర్సిస్ శనివారం పోటీలో పద్నాలుగులోపు వచ్చేలా ప్రార్థించగలరు." ఆమెన్‌లు వరసగా వచ్చాయి. ఒకాయన మాత్రం, "ఫస్ట్ రావాలని చేద్దాం బ్రదర్, పద్నాలుగెందుకు?" అని అడిగాడు.

"దేవుడికి కూడా కటాఫ్ పెట్టావా?" అంది విమలకుమారి.

శనివారం ఉదయం ఆయనొక్కడే రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాడు. పందెం ఓ గోల్ఫ్ మైదానంలో. గుట్ట పక్కన తాడు కట్టిన చోట నిలబడ్డాడు. పక్కనే డయాన్ అనే తెల్లావిడ ఉంది. ఆమె కూతురు క్లోయీ ఈ ఏడాదే పర్సిస్ టీమ్‌లో చేరింది. ఒక్కో కాలేజీ నుంచి ఏడుగురు పరిగెత్తుతారు. ముందొచ్చిన అయిదుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళదే కప్పు. పర్సిస్ కాలేజీకి ఆ కప్పు దక్కి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఆ లెక్క దైవాశీర్వాదం షీట్‌లో ఉంది, కాకపోతే రెండో పేజీలో ఉంది.

అమ్మాయిలు గుట్ట మొదట్లోకి వచ్చారు. ఆయన ఒక్కొక్కరినీ వేలు చూపించి లెక్కపెట్టాడు. పర్సిస్ పదమూడు. పక్కనే క్లోయీ, కానీ ఆ పిల్ల కాళ్ళు తేలిపోతున్నాయి, ఒక్కో అడుగూ వెనక్కి పడుతోంది. పర్సిస్ ఒకసారి తల తిప్పి ఆ పిల్లకేసి చూసింది.

ఆ చూపు చూసి, ఎక్కడ ఆగిపోతుందోనని దైవాశీర్వాదానికి భయం పట్టుకుంది. కూతురి మనసు మెత్తనని ఆయనకి తెలుసు.

ఇరవై ఆరేళ్ళ అమెరికా కాపురంలో ఆయనకి ఓ సౌకర్యం అలవాటైంది. లిఫ్టులో అయినా షాపులో అయినా, మనిషిని పక్కనే పెట్టుకుని ఆ మనిషి గురించే తెలుగులో ఏమన్నా అనేసుకోవచ్చు. ఆ ధీమాతోనే తాడు మీదకి వంగి గొంతు చించుకున్నాడు.

"పర్సిస్! ఆ పిల్లనొదిలెయ్! దాని పాట్లు అది పడుద్ది, నువ్వు పో!"

పర్సిస్ వేగం తగ్గించింది. క్లోయీ పక్కకి చేరి ఆ పిల్లతో ఏదో చెప్పింది. ఇద్దరూ భుజం భుజం కలిపి గుట్టెక్కసాగారు. వేరే కాలేజీ పిల్లలిద్దరు వాళ్ళని దాటిపోయారు. పద్నాలుగు. పదిహేను. ఆయన మళ్ళీ అరిచాడు, ఇంకా గట్టిగా. డయాన్ ఆయన చెయ్యి పట్టుకుని, "అలాగే, అలాగే, అరవండి!" అంటూ ఇంగ్లీషులో కేకలేసింది. చుట్టుపక్కల తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

పర్సిస్ పదిహేనో స్థానంలో వచ్చింది, క్లోయీ పదహారు. "ఎన్నో బ్రదర్?" అని ఫోన్ మోగడం మొదలైంది. ఆయన దాన్ని జేబులోకి తోసేశాడు.

అంతలో మైకులో చెప్పారు. పర్సిస్ కాలేజీ రెండు పాయింట్ల తేడాతో కప్పు గెలిచింది. పిల్లలు గడ్డిలో పడి ఏడుస్తూ నవ్వుతున్నారు. దైవాశీర్వాదం బుర్ర అలవాటుగా లెక్క వేసేసింది. టీమ్‌లో అయిదో స్థానం క్లోయీదే. ఒంటరిగా వదిలేస్తే ఆ పిల్ల ఇరవై రెండు దగ్గర తేలేది, కప్పు పోయేది. లెక్క ఎటునుంచి చేసినా కూతురిదే రైటు.

డయాన్ వచ్చి ఆయన్ని గట్టిగా కావిలించుకుంది. వెనకే క్లోయీ. "గుట్ట మీద మీ గొంతే నన్ను లాక్కొచ్చింది అంకుల్. ఏమన్నారు మీరు? అర్థమేంటి?" టీమంతా చుట్టూ మూగింది. ఆఫీసులో వైస్ ప్రెసిడెంట్ల ముందు తడబడని దైవాశీర్వాదం తాడు ముడి సవరించడం మొదలెట్టాడు.

"'ఆ అమ్మాయిని వదలకు, ఇద్దరూ కలిసి రండి' అన్నారు మా డాడీ," అంది పర్సిస్ ఇంగ్లీషులో, రెప్ప కూడా వెయ్యకుండా.

డయాన్ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట మాక్కూడా నేర్పమని పిల్లలు పట్టుబట్టారు. చేసేదేం లేక ఆయన "వదలకు" అన్నాడు. "వాడలాకూ," అని ఆరుగురు ఒక్కసారిగా కేక పెట్టారు. ఆయనకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంత సిగ్గు ఆయన జీవితంలో ఎన్నడూ పడలేదు.

తండ్రీకూతుళ్ళు కారు వైపు నడిచారు. బూట్లు చేత్తో పట్టుకుని తడిగడ్డిలో సాక్సులతోనే నడుస్తోంది పర్సిస్.

"నీకు వినబడిందా అమ్మా?"

"అందరికీ వినబడింది డాడీ. అర్థమైంది నాకే."

"తప్పయిపోయిందమ్మా. ఆ పద్నాలుగు పిచ్చిలో పడి..."

"నాకు కూడా ఉంది ఆ పిచ్చి," అంది పర్సిస్. "నేను కూడా కౌంట్ చేస్తున్నా. థర్టీన్ అని తెలుసు. క్లోయీని చూశా కదా, హెల్ప్ చేద్దామని కాదు. ఇంకా ఎంత దూరం నా వెనక ఉంటది, వదిలేసి పోదామా అని చూశా. పోదాం అనే అనుకున్నా."

"మరి?"

"అప్పుడు నువ్వు అరిచావ్. నా లోపల ఉన్న మాటే, సేమ్ మాట, నీ నోట్లోంచి అంత గట్టిగా వచ్చింది. వినడానికి చాలా అసహ్యంగా ఉంది డాడీ. అందుకే ఆగాను."

దైవాశీర్వాదం కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. నాలుగేళ్ళలో తను చెప్పిన సలహాల్లో పిల్లకి పనికొచ్చింది ఇదొక్కటే, అదీ తిరగేసి పాటించబట్టి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాసేపు చేశాడు.

"అంత అసహ్యంగా ఉందా?" అన్నాడు చివరికి.

"చాలా," అంది పర్సిస్, ఆయన భుజానికి తల ఆనించి.