తాళం వైపు పొగ

కొలిమి భగభగ మండుతోంది. దాని నోటికి బిగించిన చెక్క తలుపు అంచు నుంచి అప్పుడే పొగ ఎగజిమ్మింది. గంటసేపు మంటను ఆపాల్సిన తలుపు పావుగంటకే చేతులెత్తేస్తోంది.

దాన్ని రూపొందించిన ఇంజినీరు ఒక అడుగు ముందుకు వేసింది. వెనక భవన నిబంధనల కమిటీ అంతా నిలబడి చూస్తోంది. ఈ తలుపు నెగ్గితే, చిన్న అపార్ట్‌మెంట్లకూ ఉక్కు తలుపే ఉండాలన్న నిబంధన పోతుంది. సగం ఖర్చుతో పనైపోతుంది. ఓడితే, డబ్బు చాలక ఆగిన ఇళ్లు పునాదుల్లోనే మిగిలిపోతాయి.

"చలి కాచుకోడానికి భేషుగ్గా ఉందమ్మా," అన్నాడు ఉక్కు తలుపుల వ్యాపారి. తలుపు చేసిన వడ్రంగి, అంటే ఆమె సొంత అక్క మొగుడు, పళ్లు నూరాడు.

ఆమె చూపు పొగ మీదే ఉంది. బందుల వైపు లేదు. తాళం వైపే వస్తోంది. అంచుల్లో ఆమె స్వయంగా అతికించిన పట్టీ వేడికి ఉబ్బి సందు మూసేయాలి. ఒక పక్క మూసింది. రెండో పక్క?

కొలిమి ఆపించింది. నీళ్లు కొట్టి తలుపు ఊడదీస్తే, తాళం వైపు అంచంతా మాడిపోయి, కింది మూల జానెడు మాత్రం కాలకుండా మిగిలింది. అక్కడ పట్టీ లేదు. నిన్న సాయంత్రం తడిమి చూసినప్పుడు ఉంది.

ఎవరో పీకేశారన్నమాట, అన్నారు కమిటీ పెద్దాయన. పొద్దున అందరికంటే ముందొచ్చింది వ్యాపారేనని కాపలాదారు చెప్పాడు. వ్యాపారి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. టీ తాగి కూర్చున్నానంతే అని ఒట్లు పెట్టుకున్నాడు. కాపలాదారు అతని రెక్క పట్టుకున్నాడు. దొంగ దొరికాడంటూ బావ రెచ్చిపోయాడు. కుట్ర జరిగింది కాబట్టి రేపే మళ్లీ పరీక్ష పెడదామన్నారు పెద్దాయన.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో మసి తుడిచింది. చిత్రిక పట్టిన నునుపు. పైన కొత్త వార్నిష్. చెడగొట్టడానికి వచ్చినవాడు వార్నిష్ వేసి పోతాడా?

తలెత్తి బావ వైపు చూసింది. అతని అరుపు ఆగిపోయింది. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తలుపు చట్రానికి రాసుకుంటోంది మరదలా," అన్నాడు గుసగుసగా. "పెద్దల ముందు పరువు పోతుందని, నిన్న నువ్వు వెళ్లాక పట్టీ తీసి కాస్త చిత్రిక పట్టాను. రెండో పక్క పట్టీ ఉందిగా అనుకున్నా. నువ్విప్పుడు నోరు మెదపకు, రేపు మనమే నెగ్గుతాం."

నిజమే, రేపు తలుపు నెగ్గుతుంది. ఆ తర్వాత వానాకాలం ఊళ్లో ప్రతి తలుపూ రాసుకుంటుంది. ప్రతి ఇంటికీ ఇలాంటి మంచి పనివాడే చిత్రిక పట్టుకుని వస్తాడు. ఏదో ఒక రాత్రి ఆ సందులోంచే మెట్ల మీదికి పొగ కమ్ముకుంటుంది.

ఆమె లేచింది. వ్యాపారిని వదలమని కాపలాదారుకు సైగ చేసింది. బావ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. విడిపించుకుని పెద్దాయన ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఆయన కాదండీ. పట్టీ తీసేసింది మా బావ."