గింజలున్నంతసేపు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వీధిలో అందరూ అంటారు. అబద్ధం. నా ముక్కు మీద ఉండేది కళ్లజోడు. కోపం నాలుక మీద ఉంటుంది. చేతులు మిషను మీదే ఉంచి తిట్టుకోవచ్చు కదా, దర్జీ పనికి అదే వీలు. అలాంటి నేను ఈ వయసులో, ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన మీద మనసు పారేసుకున్నాను.

ఆయనతో చిక్కంతా ఒకటే, మాట్లాడడు. పలకరిస్తే తలూపుతాడు. గట్టిగా పలకరిస్తే రెండుసార్లు ఊపుతాడు. ఒకసారి కోటు గుండీ కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు మా చెల్లెలు పొద్దుతిరుగుడు గింజల పొట్లం విప్పి ముందు పెట్టింది. నేనూ చెల్లెలూ పళ్లతో టకటకా ఒలిచి తినేస్తుంటే ఆయన జేబులోంచి సన్నటి పట్టకారు తీసి, ఒక్కో గింజనీ గడియారం మూత విప్పినట్టు విప్పి, పప్పును కాగితం మీద వరసగా పేర్చాడు. అలా పొట్లం ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాడు. ఖాళీ అవగానే లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

పొట్లాలు కొని పెట్టడం నాకు చిన్నతనంగా తోచింది. అవి ఉప్పుకషాయం కూడానూ. మేడ మీద పాత పెయింటు డబ్బాల్లో మట్టి నింపి నేనే విత్తనాలు వేశాను. ఇందులో ఇంకో కుట్ర ఉంది. ఆయన షాపు మాకు పడమటి వైపు. పొద్దుతిరుగుడు కదా, సాయంత్రమయ్యేసరికి పువ్వులన్నీ పొద్దుతో పాటు తిరిగి ఆయన షాపు వైపు చూస్తాయి. నేను నోరు విప్పకుండానే నా తరఫున అవే పలకరిస్తాయి. అడగడం మాత్రం ఆయనే అడగాలి, చచ్చినా నేను అడగనని చెల్లెలికి ముందే చెప్పేశాను.

మొక్కలుగా ఉన్నన్నాళ్లూ బుద్ధిగానే తిరిగాయి. సాయంత్రాలు మొగ్గలన్నీ ఆయన వైపు వంగుతుంటే నాకు కాలు నిలిచేది కాదు. కత్తిరించిన చొక్కా చేతులు కత్తిరించినట్టే వదిలేసి, రోజుకి ఇన్నిసార్లని లేకుండా మేడెక్కి దిగేదాన్ని. తీరా పువ్వులు పూర్తిగా విచ్చుకున్నాక ఆ తిరుగుడు కాస్తా మానేశాయి. పొద్దున సూర్యుడి వైపు ముఖం పెట్టి, అలాగే బిగుసుకుపోయాయి. ఆయన షాపుకి ముఖం చాటేశాయి. ముదిరిన పువ్వు తిరగదని, తూర్పు వైపే ఉండిపోతుందని నాకేం తెలుసు? పేరు నమ్మి మోసపోయాను. డబ్బాలు ఎత్తి ఇటు తిప్పబోతే ఒక కాడ పుటుక్కుమంది, దాంతో చేతులు ముడుచుకుని పువ్వుల్ని తిట్టడంతో సరిపెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే తెలిసింది, ఆయన షాపున్న పాత భవనం పడగొడుతున్నారని, వచ్చే నెలాఖరుకి ఆయన ఊరి అవతలి కొసకి వెళ్లిపోతున్నాడని. పిట్టలు గింజల మీద పడకుండా చొక్కాల గుడ్డ ముక్కలతో పువ్వుల ముఖాలకి టోపీలు కుట్టి తొడిగాను. గళ్ల టోపీలు, చారల టోపీలు పెట్టుకుని అవి తూర్పుకేసి చూస్తూ నిలబడ్డాయి. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి మరీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గింజ ముదిరేలోగా ఈయన వెళ్లిపోతే నా గతేమిటన్నదే నా బాధ.

ఒకరోజు ఆయన తనంతట తానే వీధి దాటి మా గుమ్మంలోకి వచ్చాడు. నా చేతిలో ఉన్న టేపు జారిపోయింది.

“టైలరమ్మగారూ, పువ్వులు పచ్చబడ్డాయండీ. కోసేయొచ్చు.”

పచ్చగా ఉన్నవాటిని కోయమంటాడేమిటని నాకు ఒళ్లు మండింది. పచ్చివి కోస్తే లోపల పప్పుండదని, గడియారాలకీ గింజలకీ తేడా తెలియకపోతే ఎలాగని దులిపేశాను. ఆయన పారిపోలేదు. అంతా విని, గుమ్మం పట్టుకుని మెల్లిగా అన్నాడు.

“ఆకుపచ్చ కాదండీ. పసుపుపచ్చ. వీపు ఆకుపచ్చగా ఉన్నంతకాలం కోయకూడదట. నాకు కనపడేది వాటి వీపులే కదా. రోజూ చూస్తున్నాను.”

రోజూ చూస్తున్నాడట! ఆ ముక్క విన్నాక ఇంక నా కాళ్లు నేల మీద లేవు. మేడెక్కి వాటి వెనక్కి వెళ్లి చూస్తే నిజమే, పువ్వుల వెనకంతా పసుపు తిరిగి, అంచులు గోధుమరంగుకి వస్తున్నాయి. ముందువైపు నుంచి చూస్తూ ఇన్నాళ్లూ నేను తిట్టుకుంటున్నాను. ఆయన వెనకవైపు నుంచి చూస్తూ కాపు కాస్తున్నాడు.

తలలన్నీ కోసి ఎండబెట్టాం. ఆరాక ముగ్గురం కూర్చుని రెండేసి తలల్ని ఒకదానికొకటి రుద్దుతుంటే గింజలు జలజలా రాలాయి. ఆయన షాపు మూసి రోజూ వచ్చాడు. వచ్చి, మళ్లీ మామూలే. నేనెంత గింజుకున్నా ఆయన పెదవి విప్పలేదు. చెల్లెలు నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది, నేను ఆయన్ని తప్ప మిగతా అందర్నీ తిడుతూనే ఉన్నాను.

గింజల్ని రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి, మర్నాడు నీడలో ఆరబెట్టాను. నెలాఖరు రోజున ఇనుప మూకుడులో సన్నసెగ మీద వేయించాను. తిప్పుతూనే ఉండాలి, ఏమరితే పొట్టు మాడి పప్పు చేదెక్కుతుంది. చిటపటలు మొదలయ్యాక ఇల్లంతా కమ్మటి వాసన. ఒకటి కొరికి చూస్తే కరకరలాడింది. ఉప్పు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వేశాను కూడా, గరిటెతో సహా. మొత్తం గంపెడు గింజలూ వాయి తరవాత వాయి వేయించి పడేశాను.

అప్పుడు చెల్లెలు తాపీగా అడిగింది, మళ్లీ వేసుకోవడానికి విత్తనాలు ఎక్కడ దాచావని.

దాచలేదు. ఒక్కటంటే ఒక్క పచ్చి గింజ లేదు. వేయించినవి మొలవవు. ఆ సంతోషంలో, ఆ తొందరలో, నా చేతులతో నేనే అన్నింటినీ మూకుట్లో పోసేశాను. నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యి పక్కనే చతికిలబడ్డాను.

సాయంత్రం ఆయన చివరిసారిగా వచ్చాడు. షాపు ఖాళీ అయిపోయింది. గిన్నెడు గింజలు ముందు పెట్టాను. పట్టకారుతో విప్పాడు, పేర్చాడు. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. పేర్చిన కాగితాన్ని నా వైపు జరిపాడు. మీరు తినరేమని అడిగితే, గింజలంటే తనకి మొదటి నుంచీ అంత ఇష్టం లేదన్నాడు. నేను పక్కనున్న గరిటె అందుకున్నాను. ఇంతలో చెల్లెలు, దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా, విత్తనాల సంగతి బయటపెట్టేసింది.

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. చొక్కా జేబులోంచి మరలు దాచుకునే చిన్న రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల పచ్చి గింజలు.

“తలలు రుద్దిన రోజు తీశానండీ. దొంగతనమే.”

ఎందుకని అడిగాను.

“గింజలు అయిపోతే ఇక్కడికి రావడానికి ఏ వంకా ఉండదని. మళ్లీ మొలిస్తే మళ్లీ రావచ్చని.” డబ్బా మూత మూసి నా ముందు పెట్టాడు. తరవాత తలెత్తాడు. “వంక లేకుండా ఉండిపోనా?”

వీధి మొత్తాన్ని గడగడలాడించే నేను ఏం జవాబిచ్చానో మా చెల్లెలు ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ నటించి చూపిస్తుంది. ఏమీ ఇవ్వలేదట. నోరు తెరుచుకుని, గరిటె పట్టుకుని, ఊరికే నిలబడ్డానట. పాపం ఆ మాట పొదుపు మనిషి, ఇంకోసారి అడగాల్సి వచ్చింది.