పడుకున్న బిడ్డ

“కాయితం మీద గీతలు చూడ్డానికి ఇంత నీరసమేంటి నీకు?” అన్నాడు మొగుడు హరిబాబు పొద్దున్నే, మంచం మీద నుంచే. అప్పటికి నాగదుర్గ ఇడ్లీలు వేసి, అత్తగారికి వేణ్ణీళ్ళు తోడి, వంకాయ కూర దించి ఒక్క క్షణం గుమ్మంలో కూలబడింది. ఆ ఒక్క క్షణమే ఆయన కంట పడింది. నిలబడ్డ గంటలు ఆ ఇంట్లో ఎవరికీ కనబడవు.

ఆ గీతలు ఆవిడ చూసేది పెనుగొండలో ఒక నర్సింగ్‌హోమ్ కాన్పుల గదిలో. నొప్పులు పడుతున్న తల్లి పొట్టకి బెల్టులు కడితే, లోపలి బిడ్డ గుండె కొట్టుకోవడం మిషను కాగితం మీద గీస్తుంది. గీత సన్నగా వణుకుతూ మధ్యమధ్య పైకి లేస్తుంటే బిడ్డ హుషారుగా ఉన్నట్టు.

మిషన్లు లేని రోజుల్లో ఆవిడకి ఈ విద్య నేర్పింది దేవకుమారి సిస్టరు. పట్టిసీమ రేవులో పడవెక్కి లంకల్లోకి వెళ్ళేవారు ఇద్దరూ. సిస్టరు చేతిసంచిలో ఒక అల్యూమినియం గొట్టం. దాన్ని తల్లి పొట్టకి ఆనించి చెవి పెడితే, దూరాన రేవులో నలుగురు కలిసి బట్టలుతుకుతున్నట్టు చప్పుడు. మొదటిసారి విన్నప్పుడు నాగదుర్గకి ఏడుపొచ్చేసింది. “ఓపిగ్గా వినవే అమ్మడూ. లోపల కూడా నిద్రపోతారే పిల్లలు. పడుకున్న బిడ్డని చూసి కంగారు పడిపోకూడదు” అనేది సిస్టరు. తిరిగొచ్చేటప్పుడు బాలింత ఇంటివాళ్ళిచ్చిన జామకాయలు కొరుక్కుంటూ, గాలికి కొంగులు ఎగిరిపోతుంటే పట్టుకుంటూ ఎంత నవ్వుకునేవారో! అంత హాయిగా నాగదుర్గ మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

ఈ రోజు మంచం మీద ఉన్నది లావణ్య. తొలికాన్పు, నొప్పులు చక్కగా వస్తున్నాయి. ఆ పిల్ల అత్తగారు పాపాయమ్మ మాత్రం పంతులుగారి చేత చీటీ రాయించుకుని వచ్చి కూర్చుంది, పదకొండూ నలభై రెండుకి పుడితే మహర్జాతకమట. పదకొండు దాటేసరికి మిషను గీత చదునుగా సాగడం మొదలెట్టింది. డాక్టరు జానకిరామ్‌కి ముప్పయ్యేళ్ళుంటాయేమో, తొంగిచూసి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఫ్లాట్‌గా ఉంది కదండీ నాగదుర్గ గారూ. బిడ్డ ఇబ్బందిలో ఉందని కేసు షీట్లో రాసేయండి, ఆపరేషన్ చేసేద్దాం. వాళ్ళ ముహూర్తానికీ అందుతుంది.”

“గుండె ఎక్కడా పడిపోలేదండి. పడుకున్నట్టుంది. కాసేపు చూద్దామండి.”

“పడుకోడానికి ఇదేవన్నా ఉయ్యాలా?” అంది పాపాయమ్మ గుమ్మంలోంచి. “మా మనవడి జాతకం నీకేం తెలుసమ్మా?”

లావణ్య నాగదుర్గ మణికట్టు గట్టిగా పట్టుకుంది. “ఆపరేషన్ వద్దండి. నేను కనగలనండి.”

ఇరవై ఆరేళ్ళ కిందట తన కాన్పులో నాగదుర్గ అన్న మాట కూడా అదే. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అత్తగారు పెట్టించిన ముహూర్తం, చదునుగా సాగుతున్న గీత. “పాప పడుకుందండీ, లేస్తుంది” అని అరిచింది. “నువ్విప్పుడు నర్సువి కాదు, పేషెంట్‌వి. నోరుమూసుకో” అన్నాడు హరిబాబు. కోసేశారు. పాప గుక్కతిప్పుకోకుండా ఏడుస్తూ బయటికొచ్చింది, ఏ ఇబ్బందీ లేదు. ఆనాటి నుంచీ చుట్టాలెవరొచ్చినా అత్తగారిది ఒకటే మాట, “మా కోడలికి కనడం చేతకాలేదండీ.” ముహూర్తం పెట్టించిన సంగతి ఆవిడ హాయిగా మర్చిపోయింది.

పాప ఇబ్బందిలో ఉందని కేసు షీట్లో అబద్ధం రాసింది దేవకుమారి సిస్టరే. అప్పటికి ఆ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరింది. “ఉద్యోగం పోతుందని భయపడి రాశానే అమ్మడూ. పడుకుందని నాకూ తెలుసు” అని మంచాన పడ్డాక నాగదుర్గ చేయి పట్టుకుని ఏడ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని నాగదుర్గ ఎంత ప్రయత్నించినా పడవా జామకాయలే గుర్తొచ్చేవి. ‘నాకూ తెలుసు’ అన్న మాట మాత్రం కడుపు మీది గాటులాగే ఉండిపోయింది.

నాగదుర్గ పెన్ను తీసుకుంది. ‘బిడ్డ గుండె నిమిషానికి నూట నలభై. ఎక్కడా పడిపోలేదు. నిద్రలా ఉంది. గమనిస్తున్నాను’ అని రాసి, టైము వేసి సంతకం పెట్టింది. డాక్టరు మొహం మాడ్చుకుని బయటికి వెళ్ళిపోయాడు. రేపు ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆవిడకి తెలియదు. లావణ్యని ఎడమ పక్కకి తిప్పి, నాలుగు గుక్కలు నీళ్ళు పట్టి, పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. పదకొండూ నలభై రెండు దాటిపోయింది. వరండాలో పాపాయమ్మ శోకాలు పెట్టింది.

ఇంకో పది నిమిషాలకి అరచేతి కింద ఒక తన్ను తగిలింది. గీత వణికింది, ఎగిరి నూట అరవైకి పోయింది. నొప్పిలో కూడా లావణ్య ఫక్కున నవ్వింది.

డాక్టరు వచ్చి కాగితం చూశాడు. “సరేనండి, బానే ఉంది” అని గొంతు తగ్గించాడు. “నాలుగూ పదికి ఇంకో ముహూర్తం ఉందటండి. మీ డ్యూటీ రెండింటికి అయిపోతుంది కదా?”

రెండున్నరకి హరిబాబు ఫోను. “ఇంకా బయల్దేరలేదా? అమ్మకి టీ టైమవుతోంది.”

నాగదుర్గ స్టూలు లాక్కుని లావణ్య మంచం పక్కన కూర్చుంది.

“మీరు పెట్టివ్వండి. ఈ బిడ్డ ఎప్పుడు పుడితే అప్పుడొస్తాను.”