చిన్న చిన్న సవరణలు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందు గదిలో దవాఖానా సూపరింటెండెంట్ భారతమ్మ గారు, ఎదురుగా మా బావ శాంతికుమార్, మంచం అంచున వాళ్లమ్మ జోజమ్మత్త. వంటింట్లో ఆ ముగ్గురికీ టీ పెడుతూ మా అక్క తబిత. తలుపు పక్కన నేను.

వాళ్లు మాట్లాడుతున్నది దవాఖానాలో అక్క చేసే కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం గురించే. అయినా అక్కకు కుర్చీ లేదు.

గొడవంతా కమ్లి అనే గర్భిణి వల్ల వచ్చింది. ఆమె కాన్పు తేదీ జూలై తొమ్మిది. ఆ వారం దవాఖానా జీపు అడవిలోని వాళ్ల ఊరికి వెళ్లాలి. కంప్యూటర్ జాబితాలో మాత్రం ఆమె పేరు సెప్టెంబరు ఏడున ఉంది. జీపు వెళ్లలేదు. దవాఖానాకు తెస్తుంటే టేకులపల్లి దారిలో, ఎడ్లబండిలో, వానలో కాన్పయింది. బిడ్డ బతికింది. కమ్లి ఇంకా మంచం మీద నుంచి లేవలేదు.

"ఆపరేటర్ తప్పు కొట్టింది మేడం. నా సాఫ్ట్‌వేర్ల తప్పు రాదు," అన్నాడు బావ.

"కూరల ఉప్పే సక్కగ ఎయ్యరాదు, కంప్యూటర్ ఏం కొడ్తది?" జోజమ్మత్త నవ్వింది.

ఆ సాఫ్ట్‌వేర్ ఖమ్మంలో తయారుచేసేది బావే. దవాఖానాలో నడిపేది అక్క. కొత్త సీడీ ఇచ్చినప్పుడల్లా దాని వెంట ఒకటే వాక్యం: చిన్న చిన్న సవరణలు చేయబడినవి. "ఏమేం మార్చిండ్రో జర రాసియ్యుండ్రి," అని అన్నం వడ్డిస్తూ అక్క అడిగేది. "కొట్టమన్నది కొట్టు. గవన్నీ నీకెందుకు?" అనేవాడు. అందుకే అంట్లు తోమాక, తడి చేతులు తుడుచుకుని, అక్క తనే వెతికి నోట్‌బుక్‌లో రాసుకునేది. గళ్లు గీసి ఇచ్చేది నేను.

"సోమవారం నుంచి తబితను రావద్దనండి," అన్నారు భారతమ్మ గారు.

అక్క టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఇన్నాళ్లూ ఎవరెదుటా నోరు విప్పలేదు. ఆ గ్లాసులు చూశాక ఊరుకోలేకపోయాను. అక్క నోట్‌బుక్ తెచ్చి, గట్టిగా చదివాను.

"2006 జూన్ పన్నెండు, కొత్త సీడీ. పాతది: ముందు రోజు, తర్వాత నెల. కొత్తది: ముందు నెల, తర్వాత రోజు. తొమ్మిది-ఏడు అంటే ఇప్పుడు సెప్టెంబరు ఏడు. చేయాల్సింది: గర్భిణుల తేదీలన్నీ సరిచేయాలి. ఆయనకు చెప్పాను. 'నేను చూసుకుంట, నువ్వు ముట్టకు' అన్నారు."

"ఇటివ్వమ్మా," భారతమ్మ గారు చెయ్యి చాపారు. ఇచ్చాను.

"పెద్దోళ్ల నడుమ నీకేం పనే?" బావ నా భుజం పట్టి వాకిట్లోకి నెట్టాడు. భారతమ్మ గారు అప్పటికే రెండో పేజీ తిప్పారు. అప్పుడు బావ నా మొహం మీద తలుపు వేశాడు.