తోమకూడని నాణెం

గ్లౌజులు ఉతకడానికి ఒక పద్ధతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు కలిపి పావుగంట నానబెట్టాలి. బ్రష్షు తగలనివ్వకూడదు. మెలిపెట్టి పిండకూడదు. నీడలో ఆరెయ్యాలి. ఇదంతా ఆమెకు మామగారు చెప్పారు. తన పాత నాణేలను పట్టుకునేటప్పుడు ఆయన వేసుకునే తెల్ల గ్లౌజులవి.

పక్క బకెట్లో ఆయన రుమాళ్ళు నానుతున్నాయి. ఎండిపోయిన కళ్ళె నీళ్ళు తగలగానే మళ్ళీ ప్రాణం పోసుకుని, జిగురై వేళ్ళకు చుట్టుకుంటుంది. వాటినెలా ఉతకాలో ఆమెకెవరూ చెప్పలేదు. మంచం కింది స్టీలు గిన్నె సంగతీ అంతే. ఆయన అందులో ఉమ్ముతారు, ఆమె రెండు పూటలా తోముతుంది. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆవిడది. ఆవిడ పోయాక నగలు ఆడపడుచు ఇంటికి వెళ్ళాయి, గిన్నె కోడలికి వచ్చింది. గిన్నెకు గ్లౌజులు లేవు.

"నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. చేతి చెమట తగిలిందా, పాడైపోతుంది. అన్నిటికంటే ఘోరం తోమడం. ఏళ్ళ తరబడి పట్టిన ఆ రంగు దాని చర్మం లాంటిది. తోమితే చంపేసినట్టే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన చెబుతారు. ఆ మాటలు ఆమె కోసం చెప్పినవి కావు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఆమె వాటిని విన్నది, అంతే.

ఆమె బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. జనం సంచీలు వెతుక్కుంటూ నాణేన్ని పెదాల మధ్య ఇరికించుకుంటారు, అలాగే తీసి కిటికీలోంచి తోస్తారు. తడిగా, వెచ్చగా ఉంటుంది. తీసుకోక తప్పదు. వెనక నుంచి సూపర్‌వైజరు, "నీ చెయ్యి మెత్తన కదా, అందుకే అందరూ నీ కిటికీకే ఎగబడతారు" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. ఆ నవ్వు తడి కంటే అసహ్యంగా ఉంటుంది. దాన్ని కొంగుకు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

అలా వచ్చిన చిల్లరలో ఒకరోజు నడిమధ్య చిల్లు ఉన్న నాణెం కనబడింది. ముదురు గోధుమరంగు, అంచు చుట్టూ సన్నటి పచ్చదనం. ఎక్కడా చెల్లనిది. తన పర్సులోంచి చెల్లే నాణెం తీసి డ్రాయరులో వేసి, దాన్ని అంచులు పట్టుకుని తీసుకుంది. మాసిన వస్తువు కంటబడితే చాలు తోమడానికి లేచే చెయ్యి, ఆ రోజు మొదటిసారి ఊరుకుంది. దీన్ని శుభ్రం చెయ్యక్కర్లేదు. చెయ్యకపోవడమే దీన్ని బాగా చూసుకోవడం. ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్ళు తేలికపడింది.

టికెట్ల చుట్ట చివర మిగిలిన కాగితాన్ని పొట్లంగా మడిచి, తేదీ వేసి, ఇచ్చినవాళ్ళ గుర్తుగా "చేపల బుట్టతో ముసలామె, మొదటి బస్సు" అని రాసింది. తర్వాత చిన్న భూతద్దం కొనుక్కుంది. పది నెలల్లో బొత్తాల డబ్బాలో పదకొండు పొట్లాలు చేరాయి.

"మా ఆవిడ చిల్లర ఏరుకుంటోంది" అని భర్త స్నేహితులతో ఫోన్‌లో నవ్వాడు.

"ఏమ్మాయ్, నాకు పోటీయా? గిన్నెలు సర్దినంత తేలిక కాదిది" అన్నారు మామగారు.

ఆదివారం ఆయన స్నేహితుడు, రిటైరైన పోస్టుమాస్టరు వచ్చాడు. మాటల్లో సంగతి తెలిసి, "ఏదీ, నీ డబ్బా తేమ్మా" అన్నాడు. చిల్లు నాణెం దగ్గర ఆయన భూతద్దం ఆగిపోయింది.

"ఒక్కసారైనా ఎవరూ తోమలేదు దీన్ని! ఇంత చక్కగా రంగు పట్టిన నాణెం మీ మామగారి దగ్గర కూడా లేదు. పైగా చీటీ రాసి పెట్టావు. ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరూ నేర్పలేదండి."

మామగారు గట్టిగా దగ్గి, వంగి గిన్నెలో ఉమ్మారు.

మర్నాడు సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి చిల్లు నాణెం బల్ల మీద ఉంది. కొత్త ఇత్తడి కుళాయిలా తళతళలాడుతోంది. పచ్చదనం లేదు. గోధుమరంగు లేదు. భూతద్దం పెట్టక్కర్లేకుండానే గీతలు కనిపిస్తున్నాయి.

"ఎలా ఉంది? నేనే తోమాను. పేస్టు పెట్టి అరగంట రుద్దాను తెలుసా! తోమితే బాగుంటుందని నాన్నే అన్నారు" అన్నాడు భర్త, మెప్పు కోసం చూస్తూ.

పెళ్ళయిన ఆరేళ్ళలో అతను తోమిన మొదటి వస్తువు అది.

"ఏ బ్రష్షుతో?"

"నీ పళ్ళు తోముకునేదే, ఆ ఆకుపచ్చది. కడిగి పెట్టేశాలే."

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు. "చెల్లని నాణేనికి ఇంత రాద్ధాంతం దేనికమ్మాయ్? వాడు నీ మీద ప్రేమతో చేశాడు" అన్నారు పేపరు వెనక నుంచి. పేజీ తిప్పుతూ, "ఆ గిన్నె తీసెయ్, నిండింది" అన్నారు.

 

బీరువా సొరుగు లాగి, నిన్న ఉతికి మడిచిన తెల్ల గ్లౌజులు తీసి తొడుక్కుంది. మంచం కింద చెయ్యిపెట్టి గిన్నె పైకెత్తింది. అంచు మీంచి కారిన కళ్ళె తెల్లటి వేళ్ళలోకి ఇంకింది.

"అవి నా గ్లౌజులు!" పేపరు కిందపడింది.

"తెలుసు మామయ్యా. చేతి చెమట తగలకూడదన్నారుగా."

గిన్నె తీసుకెళ్ళి భర్త ముందు, పేస్టు గొట్టం పక్కన పెట్టింది. "తోమడం వచ్చిందిగా మీకు. ఇవాళ్టి నుంచి ఇది కూడా మీరే తోమండి. ఆకుపచ్చ బ్రష్షు మీరే ఉంచుకోండి, నాకిక పనికిరాదు."

గ్లౌజులు ఒక్కొక్కటే విప్పి గిన్నె పక్కన పడేసింది. "ఇవి మాత్రం గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి. మెలిపెట్టి పిండకండి" అంది.

 ఆమె మెరుస్తున్న నాణేన్ని అంచులు పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసుకుంది. పాత పొట్లం విప్పి, ముసలామె గురించి రాసిన వాక్యం కింద ఆ రోజు తేదీ వేసి రాసింది: "తోమినవాడు భర్త. తోమకూడదని తెలిసీ తోమించినవాడు మామగారు."

తర్వాత నాణేన్ని అందులో పెట్టి, పొట్లం మళ్ళీ మడిచింది.